డ్యూక్ 2018-19: ఇద్దరిదీ 22.6 సగటే, మరి తిట్లు బారెట్‌కే ఎందుకు?

మోరిస్‌విల్‌వాసి:
ఆదివారం ఇంట్లో మళ్ళీ పాత గొడవే. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఒకే ఏడాది కలిసి ఆడిన ఇద్దరు ఫార్వర్డ్‌లు జయాన్ విలియమ్సన్, ఆర్‌జే బారెట్‌లలో ఎవరు గొప్ప? మావాడికి ఇది ప్రశ్నే కాదు. "జయాన్" అనేసి పైకి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

చూడనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. ఇద్దరూ అప్పుడు ఫ్రెష్‌మెన్, అంటే మొదటి ఏడాది విద్యార్థులు. ఇద్దరి ఎత్తూ 6 అడుగుల 7 అంగుళాలు. బరువు మాత్రం బారెట్ 92 కిలోలు, జయాన్ 129 కిలోలు. మ్యాచ్‌కి పాయింట్ల సగటు ఇద్దరిదీ సరిగ్గా 22.6. దశాంశం దాకా కలిసింది! తర్వాత ఎన్‌బీఏ టీములు కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో జయాన్ మొదటివాడిగా న్యూ ఆర్లీన్స్‌కి, బారెట్ మూడోవాడిగా న్యూయార్క్‌కి వెళ్ళారు.

నేను బారెట్ గొప్ప అనడం లేదు. అతనికి అన్యాయం జరిగింది అంటున్నాను. 2019 మార్చి 31న జాతీయ టోర్నీలో మిషిగన్ స్టేట్ చేతిలో 68-67తో ఓడిపోయిన దగ్గర్నుంచి ఆ ఏడాది పాపమంతా బారెట్ నెత్తినే వేశారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు. 38 మ్యాచ్‌లకి 38 ఆడాడు, 860 పాయింట్లు కొట్టాడు. డ్యూక్ ఆడే లీగ్ ఏసీసీలో అంతవరకు ఏ ఫ్రెష్‌మన్ అన్ని కొట్టలేదు. షూ చిరిగి జయాన్‌కి మోకాలు బెణికినప్పుడు టీమ్‌ని లాక్కొచ్చింది ఎవరు?

పెయింట్ పహిల్వాన్:
అన్నా, సగటు ఒకటే అయితే ఆట ఒకటే అయిపోతుందా? 50 బంతుల్లో సెంచరీ కొట్టినవాడినీ, 80 బంతుల్లో కొట్టినవాడినీ ఒకే గాటన కడతామా? జయాన్ మ్యాచ్‌కి 13 షాట్లు వేసి 22.6 తెచ్చాడు, బారెట్‌కి 18కి పైనే పట్టాయి. షాట్లు పడిన శాతం చూడు: జయాన్‌ది 68, బారెట్‌ది 45.4.

లాక్కొచ్చాడు అన్నావు కదా, ఆ లెక్క కూడా తీద్దాం. షూ చిరిగిన నార్త్ కరోలినా మ్యాచ్‌తో కలిపితే జయాన్ లేకుండా 6 మ్యాచ్‌లు. 3 గెలిచారు, 3 ఓడారు. గెలిచిన వాటిలో వేక్ ఫారెస్ట్ మీద గెలిచింది ఒక్క పాయింట్‌తో. జయాన్ సరిగ్గా ఆడిన మిగతా 32 మ్యాచ్‌ల్లో ఓడింది మూడే. గొంజాగాతో 2 పాయింట్లు, సిరక్యూజ్‌తో ఓవర్‌టైమ్‌లో 4, మిషిగన్ స్టేట్‌తో 1. ఏడాది మొత్తం మీద అతను ఆడి ఓడిన తేడా 7 పాయింట్లు! ఆ మూడు మ్యాచ్‌ల్లోనూ బాల్ ఎవరి చేతిలో ఉందో నువ్వే చెప్పు.

గొంజాగా మ్యాచ్ చివరి నిమిషం నేను నాలుగైదుసార్లు చూశాను. ప్రతిసారీ బారెట్ ఒంటరిగా పెయింట్‌లోకి (రింగ్ కింద రంగు వేసిన చోటు) దూరడం, అక్కడ కాచుకుని ఉన్న పొడుగువాళ్ళ చేతుల్లోకి షాట్ వేయడం. జయాన్ పక్కనే ఉన్నాడు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు.

మోరిస్‌విల్‌వాసి:
సిరక్యూజ్ మ్యాచ్ సంగతి సగమే చెప్పావు తమ్ముడూ. ఆ రోజు బాల్ నడిపించే ట్రే జోన్స్ మొదట్లోనే భుజం దెబ్బతో వెళ్ళిపోయాడు, క్యామ్ రెడ్డిష్ ఒంట్లో బాగాలేక అసలు దిగలేదు. (రెడ్డిష్ పేరు మొదటిసారి విని మా మామయ్య "మనోడేనా?" అని ఆశగా అడిగారు. ఫిలడెల్ఫియా దగ్గరి కుర్రాడు మామయ్యా అని చెప్తే ఆ మ్యాచ్ మీదే ఆసక్తి పోయింది ఆయనకి.) ఆ రోజు బాల్ తెచ్చేవాడే లేడు. బారెట్ 30 షాట్లు వేస్తే 8 మాత్రమే పడ్డాయి, నిజమే, ఘోరం. కానీ ఆ 30 మరి ఎవరు వేయాలి?

బాక్స్‌స్కోర్ భక్తుడు:
పహిల్వాన్ గారూ, క్రికెట్ పోలిక ఇక్కడ కుదరదు. బ్యాట్స్‌మన్‌కి బంతి ఎదుటివాడు వేస్తాడు. బాస్కెట్‌బాల్‌లో షాట్ ఎలా పుట్టిందన్నది ముఖ్యం. జయాన్ షాట్లలో చాలావరకు రింగ్ పక్కనే, ఎవరో ఇచ్చిన పాస్ మీదో, రిబౌండ్ (పడకుండా తిరిగొచ్చిన బాల్) మీదో. బారెట్‌వి తనే పుట్టించుకున్నవి. అసిస్ట్‌లు, అంటే వేరేవాడి బుట్టకి దారితీసిన పాస్‌లు, బారెట్‌వి మ్యాచ్‌కి 4.3, జయాన్‌వి 2.1. ఫిబ్రవరి 16న ఎన్‌సీ స్టేట్ మీద బారెట్ 23 పాయింట్లు, 11 రిబౌండ్లు, 10 అసిస్ట్‌లు చేశాడు. డ్యూక్ చరిత్రలోనే ఇలా మూడూ పదికి తగ్గకుండా (ట్రిపుల్ డబుల్) చేసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకొకటి, ఆ టీమ్‌కి మూడు పాయింట్ల షాట్ లేదు. టీమ్ మొత్తం 30.8 శాతం, బారెట్ కూడా 30.8. అందుకని ఎదుటి టీములు జోన్స్‌ని బయట వదిలేసి ఐదుగురూ పెయింట్‌లో గుమిగూడేవాళ్ళు. బారెట్ దూరింది ఆ గుంపులోకే.

అలాగని నా ఓటు మాత్రం జయాన్‌కే, కానీ డిఫెన్స్‌కి. ఇక్కడ అందరూ పాయింట్ల గురించే కొట్టుకుంటున్నారు. ఫిబ్రవరి 9న వర్జీనియా టీమ్‌తో వాళ్ళ స్టేడియంలో జరిగిన మ్యాచ్ గుర్తుందా? వాళ్ళ డీఆండ్రే హంటర్ మూలలో ఖాళీగా ఉన్నాడు, షాట్ చేతిలోంచి వెళ్ళిపోయింది కూడా. జయాన్ అప్పటికి రింగ్ దగ్గర ఉన్నాడు. అక్కడి నుంచి రెండు అంగల్లో వచ్చి ఎగిరి ఆ బాల్‌ని జనంలోకి కొట్టాడు. 129 కిలోల మనిషి! ఆ వర్జీనియానే ఆ ఏడాది ఛాంపియన్, వాళ్ళని డ్యూక్ రెండుసార్లు ఓడించింది. జయాన్‌వి మ్యాచ్‌కి 2.1 స్టీల్స్ (లాక్కున్న బాల్స్), 1.8 బ్లాక్‌లు (అడ్డుకున్న షాట్లు). బారెట్ దగ్గర ఇందులో సగం కూడా లేదు.

మిసిసాగా మిర్చి:
మా ఊరి కుర్రాడి గురించి మాట్లాడుతుంటే నేను ఊరుకోలేను. 2017లో కైరోలో అండర్-19 ప్రపంచకప్ సెమీస్‌లో అమెరికా మీద 38 పాయింట్లు కొట్టాడు బారెట్. ఆ కప్పు కెనడాదే. చిన్నప్పటి నుంచీ చివరి నిమిషంలో బాల్ అతని చేతికే ఇచ్చారు. డ్యూక్‌కి వచ్చాక "నువ్వు పక్కకి తప్పుకో" అంటే ఎలా తప్పుకుంటాడు? తప్పుంటే ఆ అలవాటుది, లేదా బెంచ్ మీద కూర్చుని చూస్తూ ఊరుకున్న కోచ్‌ది. షషెఫ్‌స్కీ అంతటివాడు ఒక్క టైమ్ అవుట్ తీసుకుని "జయాన్‌కి ఇవ్వండి" అంటే ఎవరు కాదంటారు?

అసలు బారెట్‌ని ఫార్వర్డ్ అనొచ్చా అన్నది నా డౌట్. డ్యూక్ జాబితాలో ఫార్వర్డ్ అనే రాశారు, కానీ ఆ ఏడాది అతనికొచ్చిన జెర్రీ వెస్ట్ అవార్డు షూటింగ్ గార్డ్‌లకి ఇచ్చేది. జయాన్‌కి పవర్ ఫార్వర్డ్‌లకి ఇచ్చే కార్ల్ మలోన్ అవార్డు వచ్చింది. ఒకే పని చేసేవాళ్ళు కానప్పుడు పోలికేంటి?

పెయింట్ పహిల్వాన్:
పోలిక ఎలాగంటే, నార్త్ కరోలినాతో ఆ ఏడాది మూడుసార్లు ఆడారు. జయాన్ లేకుండా 88-72తో ఓటమి, 79-70తో ఓటమి. జయాన్ తిరిగొచ్చాక ఏసీసీ సెమీస్‌లో 74-73తో గెలుపు. అతనివి 31 పాయింట్లు, చివర్లో గెలిపించిన బుట్ట కూడా అతనిదే. మొదటి మ్యాచ్‌లో బారెట్ 33, రెండో దాంట్లో 26 కొట్టాడు, కాదనను. కొట్టినా గెలవలేదు. మిర్చి గారూ, కోచ్ మీద మీ మాటకి మాత్రం నా ఓటు.

మోరిస్‌విల్‌వాసి:
ఆ మొదటి మ్యాచ్ నాకు బాగా గుర్తు. మా ఇంటి నుంచి క్యామరన్ స్టేడియం అరగంట కూడా ఉండదు, కానీ అందులో పట్టేది 9,314 మంది. విద్యార్థులు వారాల తరబడి బయట టెంట్లు వేసుకుని పడుకుంటారు. మనకి టికెట్ ఎక్కడ దొరుకుతుంది? టీవీ ముందు పకోడీలు పెట్టుకుని కూర్చున్నాం. మొదటి నిమిషం కూడా కాలేదు, జయాన్ ఎడమ కాలి షూ అడుగు ఊడిపోయి పాదం బయటికొచ్చేసింది. ఒబామా కూడా స్టేడియంలోనే ఉన్నాడు ఆ రోజు. మా ఆవిడ "అంత ఖరీదైన షూ ఏంటండీ అట్లా?" అంది.

సరే, అసలు మాటకి వస్తాను. అందరూ మిషిగన్ స్టేట్ మ్యాచే పట్టుకుంటున్నారు. దానికి వారం ముందు సెంట్రల్ ఫ్లోరిడా (యూసీఎఫ్) మ్యాచ్ చూడండి. చివరి క్షణాల్లో డ్యూక్ 3 పాయింట్లు వెనక. జయాన్ 7 అడుగుల 6 అంగుళాల టాకో ఫాల్ మీద నుంచి బాల్ వేసి ఫౌల్ తెచ్చాడు. ఫ్రీత్రో పడితే స్కోరు సమం. పడలేదు. ఎగిరొచ్చిన బాల్‌ని బారెట్ అందుకుని లోపల వేశాడు. 77-76. ఆ రిబౌండ్ బారెట్‌కి దొరక్కపోయి ఉంటే ఫ్రీత్రో పోగొట్టినవాడిగా ఇవాళ మనం తిట్టుకునేది ఎవరిని?

వారం తర్వాత మిషిగన్ స్టేట్ మీద బారెట్ వంతు వచ్చింది. 5 సెకన్లు మిగిలాయి, 2 పాయింట్లు వెనక, రెండు ఫ్రీత్రోలు. మొదటిది పోయింది. రెండోది కావాలని పోగొట్టాలి, రిబౌండ్ ఎవరైనా అందుకుంటారని. అది కాస్తా పడింది! పడాల్సింది పడలేదు, పడకూడనిది పడింది. అంతే తేడా. ఆ సీజన్‌లో ఫ్రీత్రోల శాతం బారెట్‌ది 66.5, జయాన్‌ది 64.

బాక్స్‌స్కోర్ భక్తుడు:
యూసీఎఫ్ సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఆ ఫౌల్ తెప్పించింది, ఆ బుట్ట వేసింది, ఆ మ్యాచ్‌లో 32 పాయింట్లు కొట్టింది జయాన్ అన్న మాట మీరు కాస్త గొంతు తగ్గించి చెప్పారు బాబాయ్.

మోరిస్‌విల్‌వాసి:
తగ్గించాను, నిజమే. ఈ చర్చంతా మావాడికి చూపించాను. మొత్తం చదివి ఒక్కటే అన్నాడు: "నాన్నా, ఆ రిబౌండ్ బారెట్ పట్టకపోతే జయానే పట్టేవాడు."