ఇన్సులిన్ సూది: డిశ్చార్జ్ రోజు నేర్పితే సరిపోతుందా?

వార్డుదీపం:
కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టిన రోగికి సూది వేసుకోవడం ఎప్పుడు నేర్పాలన్నదే ప్రశ్న. తెలివిలో ఉండి, లేచి కూర్చోగలిగిన రోజు నుంచే ప్రతి డోసూ రోగి చేతే వేయించాలని, నర్సు పక్కన నిలబడి చూడాలని నా వాదన. డిశ్చార్జ్ పూట మందుల సంచీ, బిల్లు, ఇంటికెళ్లే తొందర. అప్పుడు చెప్పింది చెవికెక్కదు. రోజుకు రెండు డోసులైనా నాలుగు రోజుల్లో ఎనిమిదిసార్లు చేయి తిరుగుతుంది. మనమే వేసేసి ఆ ఎనిమిదీ పోగొడుతున్నాం.

రాత్రిడ్యూటీ:
మనం వేస్తే రెండు నిమిషాలు, రోగి వేసుకుంటే పది. 30 మంచాల వార్డులో, అందరికీ భోజనానికి ముందే ఇవ్వాల్సిన మందుకు ఆ సమయం ఎవరిస్తారు? డోసు తప్పితే చార్టులో సంతకం నాది. డిశ్చార్జ్‌కి ముందు ఒక అరగంట, ఇంట్లోవాళ్లనీ కూర్చోబెట్టి చెబితే చాలు.

సూదిమొన:
ఆ అరగంటలో పట్టాల్సినవి చూడండి. ఒక్క ఇన్సులిన్ పెన్ను (మందు నింపి ఉండి, డోసు తిప్పుకుని వేసుకునే సాధనం) సంగతే: కొత్త సూది బిగించాలి. మబ్బుగా ఉండే ఇన్సులిన్ అయితే అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయాలి. 2 యూనిట్లు పైకి వదిలి చుక్క రావడం చూడాలి. అప్పుడు డోసు తిప్పుకోవాలి. 4 మి.మీ. సూదైతే నిటారుగా గుచ్చి, బొత్తాం నొక్కిపట్టి పది లెక్కపెట్టాకే తీయాలి. చాలామంది తప్పేది ఈ పది దగ్గరే. గబుక్కున లాగితే మందు చర్మం మీదికి కారిపోతుంది, షుగర్ ఎందుకు తగ్గలేదో ఎవరికీ అంతుపట్టదు. వాడిన సూదిని పెన్నుకే వదిలేస్తే లోపలికి గాలి చేరుతుంది, మందు కారుతుంది. సూది విప్పి గట్టి డబ్బాలో వేయాలి. ఇదంతా వింటే వచ్చేది కాదండీ, చేస్తేనే వస్తుంది.

పాతసిస్టర్:
సీసా, సిరంజి వాడేవాళ్లను మరచిపోకండి. సీసా 40 బలమో 100 బలమో (అంటే ఒక మి.లీ.లో ఎన్ని యూనిట్లో), సిరంజి గీతలు దానికి జోడీయో కాదో రోగే చదివి చెప్పాలి. 40 సీసాలోంచి 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. తిరగేస్తే ఇంకా ఘోరం: 100 సీసా, 40 సిరంజి, 20 గీత, అంటే 50 యూనిట్లు! ప్రాణం మీదికొస్తుంది. రోగి చేతికి సిరంజి ఇచ్చి లాగించి చూస్తే తప్ప ఈ తప్పు బయటపడదు.

రాత్రిడ్యూటీ:
సిరంజి విషయంలో ఒప్పుకుంటాను సిస్టర్. కానీ చూపు ఆననివాళ్లకు, చేతులు వణికేవాళ్లకు ఎన్నిసార్లు చేయించినా ఏం లాభం? అక్కడ నేర్పాల్సింది ఇంట్లోవాళ్లకే. ఇంకోటి, "మళ్లీ చెప్పండి" అని పెద్దవాళ్లకు పరీక్ష పెడితే చిన్నబుచ్చుకుంటారు.

వార్డుదీపం:
చూపు విషయం నిజమే. అలాంటప్పుడు వేసే మనిషి ఎవరో మొదటిరోజే తేల్చుకుని, ఆ మనిషి చేతే వేయించాలి. చిన్నబుచ్చుకోవడం మాత్రం మనం అడిగే తీరును బట్టి ఉంటుంది. "అర్థమైందా?" అంటే ఎవరైనా తలూపుతారు. "నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, రేపు ఇంట్లో ఎలా వేసుకుంటారో ఒకసారి చూపిస్తారా?" అంటే భారం మన చెప్పడం మీద పడుతుంది. ఒకసారి కూర్చున్నప్పుడు రెండు మూడు విషయాలు మించొద్దు. షుగర్ పడిపోవడం గురించి మాత్రం మొదటి డోసు రోజే చెప్పాలి: చెమట, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి. షుగర్ 70 (మి.గ్రా./డె.లీ.) కన్నా తగ్గితే, మింగగలిగిన స్థితిలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజు, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్ష, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ 15 గ్రాములు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. ఈ చివరి ముక్క ఇంట్లోవాళ్లకే చెప్పాలి, రోగికి చెప్పి లాభం లేదు కదా.

సూదిమొన:
గడ్డల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒకేచోట పొడిస్తే చర్మం కింద కొవ్వు గడ్డకడుతుంది. అక్కడ నొప్పి తక్కువ కాబట్టి మళ్లీ అక్కడే పొడుచుకుంటారు, మందు ఒకరోజు పీల్చుకుంటుంది, ఒకరోజు పీల్చుకోదు. ప్రతిసారీ వేలెడు దూరం జరగాలి. పాత రోగి గడ్డ వదిలి మంచి చర్మానికి మారేటప్పుడు అదే డోసు ఎక్కువైపోవచ్చు. డాక్టరుకు చెప్పకుండా చోటు మార్పించకండి.

రాత్రిడ్యూటీ:
సరే, పొద్దుటి డోసు మేమే వేస్తాం, కాస్త తీరిక ఉండే రాత్రి డోసు రోగి వేసుకుంటాడు. అంతవరకు ఒప్పుకుంటాను. మరి చార్టులో ఏం రాయాలి? "నేర్పాం" అని రాస్తే అబద్ధం కాకపోయినా నిజమూ కాదు.

పాతసిస్టర్:
"తానే లాగాడు, తానే వేసుకున్నాడు, పది లెక్కపెట్టడం మరిచాడు" అని రాయండి. తర్వాతి డ్యూటీవాళ్లు ఆ పది దగ్గర నుంచే అందుకుంటారు.