పాసికుడాలో ఓడ శిథిలాల డైవింగ్, పొలొన్నరువ దర్శనం: ఏది ముందు?

వచ్చే జులైలో అమ్మతో కలిసి ఎనిమిది రోజులు శ్రీలంక వెళ్లాలనుకుంటున్నాను. ఆ ప్రాంతం తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాల దాడిలో తూర్పు తీరాన మునిగిపోయిన నౌకల్లో విమానవాహక నౌక హెర్మిస్ యాభై మీటర్లకు పైగా లోతున ఉంది కాబట్టి, ముప్పై మీటర్ల వరకే శిక్షణ పొందిన నాకు అది అందదు. అదే రోజు మునిగిన చమురు నౌక బ్రిటిష్ సార్జెంట్ సుమారు ఇరవై నాలుగు మీటర్లలోనే ఉన్నందున, ఆ తీరంలోని పాసికుడాలో బస చేసి దానిని చూడాలన్నది నా కోరిక. కొత్తవారికి జులైలో అక్కడి ప్రవాహం, నీటి స్పష్టత అనుకూలంగా ఉంటాయా?

అమ్మ కోరిక ప్రాచీన రాజధాని పొలొన్నరువ. అక్కడి రాతి బుద్ధ విగ్రహాల క్షేత్రం గల్ విహారలో శయన బుద్ధుని తల బరువుకు రాతి దిండు కొద్దిగా నొక్కుకుపోయినట్టు చెక్కారట. ఆ నొక్కును దగ్గరగా చూడాలని ఆమె ఎన్నాళ్లుగానో అంటోంది. నేను ఉదయం డైవ్ ముగించి, మధ్యాహ్నం ఆమెతో ఎండలో ఆ శిథిలాలన్నీ తిరగడం శ్రమ అవుతుందా, లేక వాటికి వేరే రోజు కేటాయించడమే మంచిదా?

అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది మేము చూడాలనుకుంటున్న కొండ పట్టణం నువర ఎలియ. దాని ఎత్తు 1,800 మీటర్లకు పైనే. ఎత్తుకు వెళ్తే గాలి పీడనం తగ్గి డైవ్ చేసినవారికి ప్రమాదం కాబట్టి, డైవ్ తరువాత విమానం ఎక్కడానికి కనీసం పద్దెనిమిది గంటలు ఆగాలని శిక్షణలో నేర్పారు. కొండదారికి కూడా అంతే విరామం ఇవ్వాలా, లేక కొండలు ముందే చూసుకుని చివరికి సముద్రానికి రావాలా? అనుభవజ్ఞులు మీరు వెళ్లిన క్రమం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.