"కాపాడును గాక": ఇది ఏ గాక?

మొన్న ఆదివారం చర్చి నుంచి ఇంటికి నడిచి వస్తుంటే మా మనవరాలు అడిగింది. "తాతయ్యా, అంతేగాక అంటే అదొక్కటే కాదు అని కదా? మరి అయ్యగారు చేతులెత్తి 'యెహోవా నిన్ను కాపాడును గాక' అంటారేంటి? కాపాడడనా?" అయిదో తరగతి పిల్ల. నరసాపురంలో పుట్టి, ఇన్నేళ్లుగా వారం వారం తల వంచుకుని విన్న మాటే అయినా అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆలోచించింది ఇక్కడ పెడుతున్నాను. తప్పుంటే దిద్దండి.

పిల్లకు తెలిసిన గాక వేరు. "ఇదిగాక", "అంతేగాక"లో ఉన్నది "కాకుండా" అనే అర్థం. దీవెనలో క్రియ వెనక వచ్చే గాకను మన వ్యాకరణాలు ఆశీరర్థకం అంటాయి. పాత పద్యాల్లో "గాత", "గావుత" చేసే పని కూడా ఇదే. "కాపాడును" అంటే కాపాడతాడని చెప్పడం. "కాపాడు ప్రభువా" అంటే అడగడం. "కాపాడును గాక" అన్నప్పుడు మాట మన వైపు తిరిగి ఉంటుంది, పని మాత్రం దేవుడిది. అయ్యగారు తన చేతిలో లేని మేలును మన ముఖాలు చూస్తూ మన మీద పలుకుతారు. ఇంత చిన్న మాటలో ఇంత వినయం ఉందని నాకు ఈ వయసులో తెలిసింది.

ఆ దీవెన బైబిల్లో సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోది. యాజకులైన అహరోను, అతని కుమారులు ప్రజలను ఎలా దీవించాలో దేవుడు మోషేతో చెప్పిన మాటలు. హీబ్రూలో మొదటి వచనానికి మూడు మాటలు, రెండోదానికి అయిదు, మూడోదానికి ఏడు. ధవళేశ్వరం దాటిన గోదారిలాగా పోనుపోను విస్తరిస్తుంది. 1979లో యెరూషలేము దగ్గర కేతెఫ్ హిన్నోములో దొరికిన చిన్న వెండి రేకుల మీద కూడా ఈ దీవెన ఉంది. అవి క్రీస్తుకు సుమారు ఆరు వందల ఏళ్ల ముందటివి. సంస్కర్త మార్టిన్ లూథర్ 1526లో తయారు చేసిన జర్మన్ ఆరాధన క్రమం కూడా దీనితోనే ముగుస్తుంది.

తెలుగులో 24, 25, 26 వచనాలు మూడింటిలోనూ గాక ఉంది. 27కి వచ్చేసరికి దేవుడు తానే అంటాడు: "నేను వారిని ఆశీర్వదించెదను." ఇక్కడ గాక లేదు. యాజకుడు కోరాడు, దేవుడు మాట ఇచ్చాడు. మనవరాలి చేత ఈ నాలుగు వచనాలూ వరసగా చదివించాను.

చదువుతూ ఇంకోచోట ఆగింది. "నీకు సమాధానము కలుగజేయును గాక." సమాధానం అంటే పరీక్షలో రాసే జవాబు అనుకుంది! "అన్నదమ్ములిద్దరూ సమాధానపడ్డారు" అంటాం చూడండి, అందులోని అర్థం ఇది. హీబ్రూలో షాలోమ్. మనసుకు, ఇంటికి, ఇరుగుపొరుగుకు కలిపి ఉండే నెమ్మది.

వ్యాఖ్య: మాస్టారూ, ఆశీర్వాదానికీ దీవెనకూ తేడా ఉందాండి? ఇంగ్లీషు కీర్తనల్లో మనిషి దేవుణ్ణి కూడా బ్లెస్ చేస్తాడు. మనం అలా అనమేం?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఆశీః, వాదము కలిసి ఆశీర్వాదము. మేలు కోరి పలకడం. దీవెన మన ఇంటి మాట. చర్చిలో చివర "ఆశీర్వాదం అయిపోయిందా?" అని అడుగుతాం, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరికెళ్లి "దీవించండి" అంటాం. వాడుకలో ఉన్న తేడా అంతే. రెండో ప్రశ్నకొస్తే, హీబ్రూలో దేవుడు మనిషిని దీవించినా, మనిషి దేవుణ్ణి కొనియాడినా బరఖ్ అనే ఒకే క్రియ. 103వ కీర్తనలో తెలుగువారు "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అన్నారు. మన దగ్గర చిన్నవాళ్లు పెద్దవాళ్లను దీవించరు కదా. బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక ఏడో అధ్యాయం కూడా ఎక్కువవాడే తక్కువవాణ్ణి ఆశీర్వదిస్తాడని అంటుంది. అనువాదం చేసినవారు మన మర్యాద ఎరిగి మాట మార్చారనుకుంటాను. నాకది సబబే అనిపిస్తుంది.

వ్యాఖ్య: మాది బ్రదరన్ కూడికండి. మా దగ్గర అయ్యగారు చేతులెత్తడం ఉండదు. అయినా ఇప్పటి పిల్లల కోసం "కాపాడాలి" అంటే సరిపోదా?

జవాబు: 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీలు మన దేశానికి వచ్చి ఈ గోదావరి డెల్టాలో మొదలుపెట్టిన పని ఆ పద్ధతిదే. అభిషేకం పొందిన గురువంటూ వేరే ఉండడు కాబట్టి ఆశీర్వాదం ఒకరి పదవి కాదు, ఎవరైనా పలకొచ్చు. అందుకే నా మాట వినండి, గాకను వదలొద్దు. "కాపాడాలి" అంటే మన కోరిక దగ్గరే ఆగుతుంది, కొంచెం టెన్షన్ కూడా వినిపిస్తుంది. పిల్లలకు అర్థం కాకపోతే అర్థం చెబుదాం.

మా అమ్మకు చదువు రాదు. రోజూ మాట్లాడేటప్పుడు "చల్లగా ఉండు నాన్నా" అనేది. నేను ఉద్యోగానికని సఖినేటిపల్లి పంటు ఎక్కిన రోజు మాత్రం రేవులో నిలబడి, అందరూ వింటుండగా, చెయ్యెత్తి "దేవుడు నీకు తోడై యుండును గాక" అంది. పంటు కదిలాక కూడా చెయ్యి దించలేదు.