అప్‌డేట్: స్టెప్నీ సైజు సంగతి తేలింది

బండికి 265/60 ఆర్18 టైర్లు (వెడల్పు 265 మి.మీ., సైడ్‌వాల్ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ 18 అంగుళాలు), కింద వేలాడే స్టెప్నీ మాత్రం 265/65 ఆర్17. పంక్చరైతే ఇది వేసుకోవచ్చా అని అడిగాను కదా. ఓపిగ్గా చెప్పిన అందరికీ థ్యాంక్స్.

లెక్కేస్తే మొదటిదాని వ్యాసం సుమారు 775 మి.మీ., రెండోదానిది 776. ఫోర్ వీల్ డ్రైవ్‌లో డిఫరెన్షియల్ (చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) మీద భారం పడేంత తేడా కాదు. అయితే 17 అంగుళాల రిమ్ బ్రేక్ కాలిపర్‌కి (డిస్క్ మీద ప్యాడ్లను నొక్కే భాగం) తగలొచ్చని ఒకరు చెప్పిన మాట చాలా విలువైనది. జాకీ ఎత్తి, బిగించి, చేత్తో తిప్పి చూశాను. ఎక్కడా రాసుకోలేదు.

నన్ను భయపెట్టింది వేరే. స్టెప్నీని దించే వించ్ కేబుల్ బురదతో, తుప్పుతో బిగుసుకుపోయింది. రాడ్ తిప్పుతుంటే కిర్రుమని ఆగిపోయింది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి నానబెట్టాకే కదిలింది. పెద్ద బండ్లున్నవాళ్లు దయచేసి ఒకసారి పూర్తిగా దించి చూసుకోండి, చీకట్లో రోడ్డు పక్కన కుదిరే పని కాదిది. గాలి కూడా అప్పుడే పట్టించేయండి.

స్టెప్నీ టైరు మీద డాట్ కోడ్ (తయారీ వివరాలు తెలిపే ముద్ర) చివర 1416 ఉంది, అంటే 2016లో 14వ వారం తయారీ. గ్రూవులు కొత్తవాటిలా ఉన్నా సైడ్‌వాల్ నిండా సన్నటి పగుళ్లు. మార్చేస్తున్నాను. ఈసారి రిమ్‌తో సహా 265/60 ఆర్18నే, మిగతా నాలుగింటితో కలిపి రొటేషన్‌లో, అంటే వంతులవారీగా చోట్లు మారుస్తూ తిప్పడానికి.