ఆవు ఒంట్లో బలం గడ్డిదా, కడుపులోని సూక్ష్మజీవులదా?

గడ్డిపరక:
"ఆవు బతికేది గడ్డి మీద కాదు, కడుపులోని బ్యాక్టీరియా మీద" అని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కావట్లేదు. లోపలికి వెళ్లేది గడ్డి, అందులో ఉన్నది ఎండ నుంచి పట్టుకున్న శక్తి. వండిపెట్టినంత మాత్రాన తిండి వంటవాడిదైపోతుందా?

నీలిమబ్బు:
శక్తి వరకు మీ మాట సగం నిజమే, అదంతా గడ్డిలోంచి వచ్చేదే. కానీ గడ్డిలోని సెల్యులోజ్‌ని, అంటే గట్టి పీచుని, విడగొట్టే ఎంజైమ్ ఆవు ఒంట్లో అసలు తయారే కాదు. వంద లీటర్లకు పైగా పట్టే మొదటి పొట్ట, అదే రూమెన్‌లో, ఆ పని సూక్ష్మజీవులు చేస్తాయి. అక్కడ ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి అవి దాన్ని పూర్తిగా వాడుకోలేక ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలుగా వదిలేస్తాయి, అవి రూమెన్ గోడలోంచి నేరుగా రక్తంలోకి వెళ్తాయి. ఆవుకి అందే శక్తిలో దాదాపు 70 శాతం ఇదే.

ఇక ప్రోటీన్ సంగతి చూడండి, నా అసలు వాదన అక్కడే. ఆ సూక్ష్మజీవులు మేతతో పాటు నాలుగో పొట్టలోకి జారతాయి, అక్కడ లైసోజైమ్ అనే ఎంజైమ్ వాటి గోడల్ని పగలగొడుతుంది, తర్వాత అవి మామూలు మాంసకృత్తుల్లాగే అరిగిపోతాయి. మీ వంటవాణ్ని కూడా ఆవు తినేస్తుందన్నమాట! 1945లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఆర్తురి విర్తనెన్, 1960లలో ఆవులకి ప్రోటీన్ లేని మేత పెట్టారు. సూక్ష్మజీవులు ప్రోటీన్ కట్టుకోవడానికి కావలసిన నత్రజని కోసం యూరియా, అమ్మోనియం లవణాలు, మిగతాది స్టార్చ్, చక్కెర, సెల్యులోజ్ లాంటివి. అయినా అవి పాలిచ్చాయి. ఆ పాలలో ప్రోటీన్ ఎక్కడిదంటారు?

గడ్డిపరక:
యూరియా సంగతి బాగుంది, ప్రోటీన్ విషయంలో ఇక వాదించను. కానీ ఈ బేరంలో నష్టం లేదా? మేతలోని శక్తిలో కొంత మీథేన్‌గా త్రేన్పుల్లో పోతుంది కదా. గుర్రం కూడా గడ్డే తింటుంది, దానికి రూమెన్ లేదు, అది ఆవు కంటే వేగంగా పరిగెడుతుంది కూడా.

నీలిమబ్బు:
నష్టం ఉంది, సుమారు 6 శాతం అలా పోతుంది. గుర్రానికీ సూక్ష్మజీవులున్నాయి, కాకపోతే చిన్నపేగు దాటాక, పెద్దపేగులో. అందుకే తేలిగ్గా అరిగే స్టార్చ్, ప్రోటీన్ ముందే దాని చేతికి వస్తాయి, అది లాభం. కానీ ప్రోటీన్ పీల్చుకునేది ప్రధానంగా చిన్నపేగే, కాబట్టి కింద పెరిగిన సూక్ష్మజీవుల ప్రోటీన్ చాలావరకు పేడతో బయటికి పోతుంది. కుందేలుదీ ఇదే ఇబ్బంది, అందుకే అది మెత్తటి పెంటికల్ని బయటికి రాగానే మళ్లీ తినేస్తుంది, చూసినవాళ్లు అసహ్యించుకుంటారు గానీ అవి తిననివ్వకపోతే దానికి ప్రోటీన్, బి విటమిన్లు తగ్గిపోతాయి. ఆవుకి ఆ అవసరం లేదు, దాని సూక్ష్మజీవులు చిన్నపేగుకి ముందే ఉన్నాయి కాబట్టి.