భీమిలిలో మూడు నెలలు ఉండాలంటే ఎప్పుడు వెళ్లడం మంచిది?

ప్రశ్న (కడప నుంచి):
ఇటీవలే ఉద్యోగ విరమణ చేశాను. కడప ఎండలకు నా భార్య తట్టుకోలేకపోతున్నది కనుక, వచ్చే ఏప్రిల్ నుంచి జూన్ వరకు భీమునిపట్నంలో సముద్రానికి ఎదురుగా ఇల్లు అద్దెకు తీసుకొని, తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరడం చూస్తూ, తాజా చేపలు వండుకుంటూ గడపాలని మా కోరిక. ఇక్కడి కూలరును వెంట తీసుకువెళ్లవచ్చునా?

సమాధానం (అనంతపురం నుంచి):
ఉద్యోగరీత్యా అక్కడ రెండేళ్లు ఉన్నాను. మీరు ఎంచుకున్న నెలలే మీ కోరికకు అడ్డు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవలు, ఇంజను బిగించిన పడవలు వేటకు వెళ్లకూడదు. తెడ్డుతో నడిచే నాటు పడవలకు మినహాయింపు ఉన్నప్పటికీ, మీరు ఊహించుకుంటున్న సందడి ఆ రోజుల్లో ఉండదు.

కూలరును ఇంట్లోనే వదిలి వెళ్లండి. మన సీమలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు ఆవిరై గది చల్లబడుతుంది. అక్కడ గాలిలోనే తేమ నిండి ఉండటం వల్ల నీరు సరిగా ఆవిరి కాక ఉక్కపోత మరింత పెరుగుతుంది. మా కూలరు మూడో రోజుకే ఉతికిన బట్టలు పెట్టుకునే బల్లగా మారింది. ఎండ మనకంటే తక్కువే గాని చెమట ఆరదు. ఇల్లు కూడా రెండు వీధులు వెనకగా చూసుకోండి, ఎందుకంటే ఉప్పుగాలికి కిటికీ ఊచలు, తాళాలు, గ్యాస్ పొయ్యి అన్నీ తుప్పు పడతాయి.

సమాధానం (కర్నూలు నుంచి):
పై మాటలతో ఏకీభవిస్తాను. అయితే అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం ఉంటుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ వద్దనే తీరం దాటింది. డిసెంబరు చివర వెళ్లి మార్చిలో తిరిగి రండి. గోస్తని నది సముద్రంలో కలిసే చోట స్నానానికి దిగవద్దు. డచ్చివారి సమాధులను, బౌద్ధ శిథిలాలున్న పావురాలకొండను ఎండ ఎక్కకముందే చూడవచ్చు. విశాఖ దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు మాత్రం ఒక పూట కేటాయించండి: ఎర్రనేల మనకు కొత్త కాదు గాని, వాననీరు ఇసుకను కోసి మలిచిన ఆ లోతైన గండ్ల మధ్య నడవడం వేరు.

ప్రశ్న అడిగినవారు:
జనవరికి మార్చుకున్నాము. చెరువు చేపలు తిని పెరిగిన మాకు ముళ్లు తక్కువగా ఉండే సముద్రపు చేప ఏది?

సమాధానం (అనంతపురం నుంచి):
వంజరం, చందువ. కవళ్లు రుచిగానే ఉంటాయి గాని సన్నని ముళ్లు ఎక్కువ, అలవాటయ్యాక కొనండి. ఒడ్డున చేపలను వేలం పాటకు పెట్టేటప్పుడు మొదటి రోజే బేరంలోకి దిగకుండా, పక్కన నిలబడి ధరలు వినండి.