ఈ మాయిశ్చరైజర్‌కి 640 పెట్టొచ్చా? వెనక లిస్టు చూసి చెప్పండి

బందరురోడ్డు_బి
విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక షాపులో ఈ క్రీము చూశాను. 50 గ్రాములు, 640 రూపాయలు. డబ్బా ముందు పెద్దక్షరాల్లో ‘72 గంటల తేమ’, ‘హయలురోనిక్ + సెరమైడ్లు’, ‘కుంకుమపువ్వు కాంతి’ అని ఉంది. కింద చిన్నగా ‘డెర్మటాలజిస్టులు పరీక్షించినది’. కొనలేదు గానీ వెనక లిస్టు ఫొటో తీసుకొచ్చాను. ఫొటో మసగ్గా వచ్చింది, అందుకని వరస మార్చకుండా టైపు చేస్తున్నా:

ఆక్వా, గ్లిజరిన్, కాప్రిలిక్/కాప్రిక్ ట్రైగ్లిజరైడ్, సెటియరిల్ ఆల్కహాల్, డైమెథికోన్, గ్లిజరిల్ స్టియరేట్, పెగ్-100 స్టియరేట్, నియాసినమైడ్, ఫినాక్సీఇథనాల్, పర్ఫ్యూమ్, కార్బోమర్, సోడియం హయలురోనేట్, సెరమైడ్ ఎన్‌పీ, క్రోకస్ సటైవస్ ఎక్స్‌ట్రాక్ట్, డైసోడియం ఈడీటీఏ, లినలూల్, లిమోనీన్.

నాది పొడి చర్మం. పగలంతా ఆఫీసు ఏసీలోనే. లిస్టులో ఆల్కహాల్ అని కూడా ఉంది, అదో టెన్షన్.

ల్యాబ్‌కోటు
ముందు ఆ టెన్షన్ వదిలేయండి. సెటియరిల్ ఆల్కహాల్ కొవ్వు జాతిది, చర్మాన్ని మెత్తబరుస్తుంది. ఆరబెట్టేది ‘ఆల్కహాల్ డినాట్’. అది లిస్టులో పైన కనిపిస్తే అప్పుడు ఆలోచించాలి.

ఇక అసలు సంగతి. లిస్టు ఎక్కువ ఉన్నదానితో మొదలై తక్కువకు దిగుతుంది. అయితే 1 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని కంపెనీ తన ఇష్టమొచ్చిన వరసలో రాసుకోవచ్చు. ఆ 1 శాతం గీత ఎక్కడ మొదలవుతుందో డబ్బా మీద చెప్పరు. దాన్ని పట్టుకోవడానికి ఫినాక్సీఇథనాల్ ఎక్కడుందో వెతకండి. క్రీము పాడవకుండా వేసే పదార్థం అది. యూరప్‌లో దానికి పైహద్దు 1 శాతం, ఇక్కడివాళ్లూ మామూలుగా ఆ హద్దులోనే వేస్తారు. అంటే దాని తరవాత రాసినవన్నీ 1 శాతానికి మించవు.

మీ లిస్టులో కుంకుమపువ్వు, అంటే ఆ క్రోకస్ సటైవస్, ఎక్కడుందో చూశారా? సెంటు కన్నా కింద. పైగా ‘ఎక్స్‌ట్రాక్ట్’ అంటే చాలావరకు నీళ్లో గ్లిజరినో, అందులో కొంచెం పువ్వు సారం. ఆ కొంచెంలో కొంచెం మీ క్రీములో ఉంది. కాంతి మాటేమో గానీ డబ్బా మీద బొమ్మ వేసుకోవడానికి అది చాలు.

ఏలూరురోడ్డు_అబ్బాయి
మా అక్క ఇదే వాడుతోంది, ముఖం చక్కగా మెత్తగా ఉంది. ప్రతిదానికీ ఇంత కెమిస్ట్రీ అవసరమా? నియాసినమైడ్ గీతకు పైనే ఉందిగా, అదైనా ఒప్పుకోండి.

ల్యాబ్‌కోటు
మీ అక్కకి మెత్తగా ఉందంటే నమ్ముతాను. ఆ పని చేస్తున్నది గ్లిజరిన్, డైమెథికోన్, ఆ ట్రైగ్లిజరైడ్ నూనె. ఒకటి నీటిని పట్టి ఉంచుతుంది, ఒకటి పైన పొరలా పరుచుకుని ఆవిరైపోకుండా ఆపుతుంది, మూడోది గరుకుతనం తగ్గిస్తుంది. మంచి బేసే అది. కాకపోతే 150 రూపాయల లోషన్‌లోనూ ఇవే దొరుకుతాయి. మిగతా డబ్బు దేనికిస్తున్నామన్నదే ప్రశ్న.

నియాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రకం) సంగతి: గీతకు కింద ఉన్నవన్నీ తక్కువే అని చెప్పొచ్చు, పైన ఉన్నవన్నీ ఎక్కువే అని మాత్రం చెప్పలేం. ఫినాక్సీఇథనాల్‌కి సరిగ్గా ముందున్నది 4 శాతం కావచ్చు, అర శాతమూ కావచ్చు. మచ్చల మీద పనిచేసిందని చూపిన పరీక్షల్లో ఎక్కువగా 2 నుంచి 5 శాతం దాకా వాడారు. అంత వేసిన కంపెనీ ఆ అంకెను ముందుభాగంలో అచ్చేయకుండా ఊరుకోదని నా అనుమానం.

కెమిస్ట్రీ_మేడమ్_గుంటూరు
ల్యాబ్‌కోటు గారూ, కుంకుమపువ్వు విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ ఆ గీతను అన్నింటికీ ఒకేలా వాడితే తప్పు తీర్పు వస్తుంది. సోడియం హయలురోనేట్ (డబ్బా ముందు ‘హయలురోనిక్’ అన్నది దీన్నే) నీళ్లలో 1 శాతం కలిపితేనే చిక్కటి జెల్ అయిపోతుంది. పదోవంతు శాతం కూడా ఉపయోగకరమైన మోతాదే. అది లిస్టులో కిందే ఉంటుంది, ఉండాలి కూడా. అది పనిచేసేది చర్మం పైపొరలో, తేమ పట్టి ఉంచడం వరకే. ‘లోపలి నుంచి నింపుతుంది’ అని రాస్తే మాత్రం ఒప్పుకోను. కొలాజెన్ క్రీములదీ ఇదే కథ. అంత పెద్ద అణువు చర్మం దాటి లోపలికి పోదు, పైన తేమ నిలపడానికే పనికొస్తుంది.

సెరమైడ్లు కూడా తక్కువ మోతాదులో వేసేవే. అక్కడ చూడాల్సింది వేరే. మన చర్మం పైపొరలో కణాల మధ్య సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు మూడూ కలిసి ఉంటాయి. శ్రద్ధగా చేసిన క్రీముల్లో సెరమైడ్ ఎన్‌పీ, ఏపీ, ఈఓపీ, వాటితోపాటు కొలెస్టరాల్, ఫైటోస్ఫింగోసిన్ గుంపుగా కనిపిస్తాయి. ఈ డబ్బా ముందు ‘సెరమైడ్లు’ అని బహువచనం ఉంది. వెనక మీరు టైపు చేసింది ఒక్కటే! కొలెస్టరాల్ ఊసే లేదు. నాకైతే ఈ క్రీములో కుంకుమపువ్వు కన్నా పెద్ద అబద్ధం ఇదే.

బందరురోడ్డు_బి
మళ్లీ ఫొటో జూమ్ చేసి చూశాను మేడమ్. ఒక్కటే ఉంది. మరి 72 గంటలు?

ల్యాబ్‌కోటు
ఆ అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు (*) ఉందేమో వెతకండి. ఇలాంటి అంకెలు మామూలుగా ముంజేతి మీద ఒకసారి రాసి, కడగకుండా ఉంచి, తేమ కొలిచే మీటరుతో చూసినవి. రాయని చోటికన్నా రాసిన చోట కాస్త ఎక్కువ తేమ కనిపిస్తే చాలు, 72 గంటలు అయిపోయినట్టే. మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగి, ఇంటికొచ్చి ముఖం కడుక్కునేవాళ్లకి ఆ అంకెతో పనేముంది?

‘డెర్మటాలజిస్టులు పరీక్షించినది’ అంటే ఎక్కువగా ప్యాచ్ టెస్టు. దద్దురు వచ్చిందా లేదా చూస్తారు. తేమ పెరిగిందనో మచ్చలు తగ్గాయనో ఆ ముక్క చెప్పదు. ఇన్ని మార్కులొస్తే పాస్ అనే నిబంధన కూడా లేదు.

మిర్చియార్డు_కోడలు
ముఖం క్రీముల గొడవ నాకు తెలీదు గానీ ఒక మాట చెప్తాను. మా మామయ్యగారు యార్డులో పని. చేతులు ఎండిపోయి వేళ్ల దగ్గర పగుళ్లు, పైన మిర్చి ఘాటు. ఖరీదైన హ్యాండ్ క్రీములు కొని ఇచ్చాం, ‘వాసన బావుంది’ అనేవారు, అంతే. చివరికి స్కిన్ డాక్టర్ యూరియా 10 శాతం క్రీము రాశారు. ట్యూబు మీద బొమ్మ లేదు, పువ్వు లేదు, పేరు పక్కనే 10 శాతం అని అంకె. పగుళ్ల మీద మొదట్లో చుర్రుమంటుంది. అందుకని పగిలినచోట ముందు పెట్రోలియం జెల్లీయే రాయమన్నారు, పగుళ్లు మానాక యూరియా. ఇప్పుడు చేతులు చాలా నయం.

కెమిస్ట్రీ_మేడమ్_గుంటూరు
చక్కటి ఉదాహరణ అమ్మా. పెట్రోలేటం, అదే మీ పెట్రోలియం జెల్లీ, అంటే అందరికీ చులకన గానీ, చర్మం నుంచి నీరు ఆవిరైపోకుండా ఆపడంలో దాన్ని మించింది లేదు. తగ్గుదల 98 శాతం దాకా ఉంటుందని చర్మశాస్త్రంలో చెప్తారు, మిగతా నూనెలకి 20, 30 శాతం మాత్రమే. అయితే విజయవాడ ఎండల్లో ముఖానికి రాస్తే జిడ్డు భరించలేం.

పాతగుంటూరు_72
మా ఇంట్లో ఆయుర్వేదం క్రీము వాడతారు. దానికి ఈ ఆక్వా లిస్టు ఉండదు. ‘ప్రతి 10 గ్రాములలో’ అని మొదలెట్టి ఒక్కోదానికీ మిల్లీగ్రాములు ఇచ్చారు. అది ఎలా చూడాలి?

ల్యాబ్‌కోటు
మీకే సులువండీ, అంకె వాళ్లే ఇచ్చారు. 10 గ్రాములంటే 10,000 మిల్లీగ్రాములు. కుంకుమపువ్వు 10 మి.గ్రా. అని ఉంటే 0.1 శాతం. అన్నీ కూడండి. చివర ‘క్రీమ్ బేస్ క్యూ.ఎస్.’ (అంటే కావలసినంత) అని ఉంటుంది చూడండి, మిగిలిందంతా అదే. పసుపు రంగు బాగా తేలితే సీఐ 19140 రాశారేమో కూడా చూడండి. అది కలిపిన రంగు.

కొత్తపేట_ఫార్మసీ
చర్చకి కాస్త పక్కదే అయినా చెప్పాలి. వెనక బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ లాంటి పేర్లు కనిపిస్తే అది మాయిశ్చరైజర్ కాదు, స్టెరాయిడ్ మందు. హైడ్రోక్వినోన్ ఉన్నా మందే. వాటిని తెల్లబడటానికి అడిగి తీసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ వస్తారు. డాక్టర్ చీటీ లేకుండా ముఖానికి రాస్తే చర్మం పలచబడి ఎర్రగా, మొటిమలతో తేలుతుంది, మానేయగానే ఇంకా మండుతుంది.

ఏలూరురోడ్డు_అబ్బాయి
సరే సరే, ఒప్పుకున్నా. అక్కకి చెప్తే ‘అయిపోయేదాకా వాడతా, సెంటు నచ్చింది’ అంది.

కెమిస్ట్రీ_మేడమ్_గుంటూరు
వాడనీ బాబూ, పడితే తప్పేముంది. దురదా మంటా వస్తే మాత్రం ముందు ఆ సెంటునే అనుమానించమను. చివర్లో ఉన్న లినలూల్, లిమోనీన్ అందులోవే, కొందరికి పడవు. ‘అన్‌సెంటెడ్’ అన్నదాంట్లోనూ వాసన కప్పే సెంటు ఉండొచ్చు. కావాల్సింది ‘ఫ్రాగ్రెన్స్ ఫ్రీ’.

బందరురోడ్డు_బి
అందరికీ థ్యాంక్స్. ఇది కొనట్లేదు. గ్లిజరిన్ పైన ఉండి, సెంటు లేకుండా, సెరమైడ్ల గుంపు ఉన్నదొకటి ఆన్‌లైన్‌లో 350కి కనిపించింది. అక్కడ పెట్టిన లిస్టుని నమ్మొచ్చా?

కొత్తపేట_ఫార్మసీ
ఒక్కోసారి పాత లిస్టే ఉండిపోతుంది, కంపెనీ ఫార్ములా మార్చినా సైటులో మార్చరు. డబ్బా చేతికొచ్చాక సీలు తీయకముందే అట్ట మీద లిస్టుతో పోల్చుకోండి. తేడా ఉంటే వాపసు ఇచ్చేయండి, సీలు తీస్తే తీసుకోరు.